సన్నధార కుళాయిలకు ప్రెషర్ పంపు: కొన్నేళ్ళు వాడాక

ప్రెషర్ పంపు పెట్టించిన వారంలో ఎవరైనా మెచ్చుకుంటారు, షవర్ జోరు అలా ఉంటుంది. దాని గుణదోషాలు బయటపడేది వారంటీ అయిపోయాకే. మాది ఆ దశ దాటి చాలా కాలమైంది.

నీళ్ళు సరిగా రావట్లేదంటే ప్రెషర్ (నీళ్ళను తోసే ఒత్తిడి) లేకపోయినా కావచ్చు, ఫ్లో (నిమిషానికి వచ్చే నీళ్ళు) లేకపోయినా కావచ్చు. మా ఇంట్లో మెయిన్ లైనుకు గేజ్ బిగిస్తే, కుళాయిలన్నీ కట్టేసి ఉన్నప్పుడు 3 బార్లు (బార్ అంటే ప్రెషర్ కొలత) చూపించేది. ఒక్క కుళాయి తిప్పగానే ముల్లు 1 బార్ కన్నా కిందికి జారేది. అంటే వీధిలో ప్రెషర్ బాగానే ఉంది, లోపలికి వచ్చే పాత జీఐ (జింకు పూసిన ఇనుప) పైపే అడ్డం. తుప్పు పేరుకుని పైపు లోపలి వ్యాసం సగమైతే నీళ్ళు సగమవుతాయనుకుంటాం, కానీ దాదాపు ఆరో వంతుకు పడిపోతాయి. గేజ్ లేకపోతే బకెట్ చాలు. 10 లీటర్ల బకెట్ నిండడానికి నిమిషం పట్టిందంటే, షవరూ వాషింగ్ మెషీనూ ఒకేసారి నడవడం కష్టమే. ఒక్క కుళాయే సన్నగా వస్తుంటే మాత్రం పంపు జోలికి పోకుండా దాని మూతికున్న జాలీ విప్పి కడగండి.

మెయిన్ లైనుకే నేరుగా పంపు తగిలిస్తే పోలేదా అని చాలామంది అడుగుతారు. చాలాచోట్ల అది నిషేధం. పక్కింటి నీళ్ళు తగ్గడం అటుంచి, లైనులో ప్రెషర్ పడిపోతే లీకైన జాయింట్ల దగ్గర బయటి మురుగు లోపలికి లాక్కుంటుంది. అందుకే మెయిన్ నీళ్ళు సంపులోకి, అక్కణ్ణుంచి పంపు ద్వారా ఇంట్లోకి. రాత్రంతా సన్నగా వచ్చినా తెల్లారేసరికి సంపు నిండుతుంది. నిజానికి సగం మేలు సంపుదే, పేరు మాత్రం పంపుకొచ్చింది! ఓవర్‌హెడ్ ట్యాంకు సరిపోదా అంటే, 10 మీటర్ల ఎత్తుంటే గానీ ఒక బార్ రాదు. షవర్‌కు 3 మీటర్ల పైన ట్యాంకుంటే దక్కేది 0.3 బార్.

ఇక ఇన్నేళ్ళలో ఎక్కువ పని పెట్టింది మోటారు కాదు, దాని పక్కనుండే ప్రెషర్ ట్యాంకు. లోపల రబ్బరు సంచిలో నీళ్ళు, దాని చుట్టూ గాలి ఉంటాయి. ఆ గాలి నీళ్ళను తోసినంతసేపు పంపు నడవక్కర్లేదు, కానీ అది నెమ్మదిగా తగ్గిపోతుంది. అప్పుడు చేతులు కడుక్కున్నా పంపు టకటకా ఆగుతూ నడుస్తూ ఉంటుంది, మోటారు త్వరగా పాడయ్యేది అలాగే. ఆర్నెల్లకోసారి స్విచ్ ఆపి, కుళాయి తిప్పి నీళ్ళన్నీ వదిలేసి, ట్యాంకు వాల్వుకు టైరు గేజ్ పెట్టి చూడాలి. పంపు ఆన్ అయ్యే ప్రెషర్ కన్నా గాలి 0.2 బార్ తక్కువ ఉంటే సరి. వాల్వు పిన్ను నొక్కినప్పుడు నీళ్ళు చిమ్మితే సంచి చిరిగినట్టే. మాకూ చిరిగింది, కానీ సంచి ఒక్కటే మార్చుకునే రకం కాబట్టి ట్యాంకు మిగిలింది. కొనేటప్పుడు షాపులో ముందు అడగాల్సింది ఇదే.

ఇంకో తలనొప్పి, అర్ధరాత్రి ఎవరూ కుళాయి ముట్టకుండానే పంపు గుర్రుమని కాసేపు నడిచి ఆగిపోవడం. పంపు తర్వాతి వాల్వు కట్టేసి గేజ్ చూస్తే గుట్టు తెలుస్తుంది. అప్పటికీ ముల్లు దిగుతుంటే ఎన్‌ఆర్‌వి (నీళ్ళు వెనక్కి పోకుండా ఆపే వాల్వు) కారుతోంది, కదలకుండా ఉంటే లీకు ఇంట్లోనే ఉంది. మా దొంగ బాత్రూంలో ఫ్లష్ ట్యాంకు. చప్పుడు లేకుండా కమోడ్‌లోకి కారుతూనే ఉంది.

కరెంటు పోతే పంపు లేదు, నీళ్ళూ లేవు. వంటింటి కుళాయి ఒక్కటి మెయిన్ లైనుకే ఉంచేశాం, కాబట్టి తాగడానికి టెన్షన్ లేదు. పంపు కింద రబ్బరు ప్యాడ్లు వేశాక చప్పుడు సగానికి తగ్గింది. సంపు ఖాళీ అయితే పంపును ఆపే ఫ్లోట్ స్విచ్ తప్పనిసరి.

మళ్ళీ కొనాల్సి వస్తే మోటారు వేగాన్ని తనే సర్దుకునే రకం తీసుకుంటాను. మాదాంట్లో ప్రెషర్ 2కి పడి మళ్ళీ 3కి లేచే ప్రతిసారీ షవర్ కింద ఉన్నవాళ్ళకు వేడినీళ్ళు కాసేపు మండుతాయి, కాసేపు చల్లబడతాయి. ఇన్నేళ్ళయినా మా ఇంట్లో ఎవరికీ అది అలవాటు కాలేదు.