లెడ్ ఎలక్ట్రోడ్ మంచిదే, రాగి తగలనంతవరకు

నీళ్లలో ముంచితే వచ్చే మిల్లీవోల్టులను బట్టి వాటిలో లెడ్ (సీసం) ఎంతుందో చెప్పే ఎలక్ట్రోడ్ ఇది, కొసన లెడ్ సల్ఫైడ్, సిల్వర్ సల్ఫైడ్ కలిపి నొక్కిన బిళ్ల ఉండే రకం. విజయవాడ ఆటోనగర్ బ్యాటరీ షాపుల కడుగునీళ్లు ఎక్కువగా వచ్చే మా ల్యాబ్‌లో చాలాకాలంగా వాడకంలో ఉంది. రేంజి, సైజు, కేబుల్ సంగతులు డబ్బాతో వచ్చే పుస్తకంలోనే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నాను. నా గొడవంతా రాగితోనే.

కేబుల్ లగ్గులు, ఇత్తడి క్లాంపులు యాసిడ్‌లో కరిగి, ఆ నీళ్లలో లెడ్‌తోపాటు రాగి కూడా దిగుతుంది. లెడ్ సల్ఫైడ్ కంటే కాపర్ సల్ఫైడ్ చాలా తక్కువగా కరుగుతుంది. అందుకే రాగి అయాన్ బిళ్ల పైపొరలోని లెడ్‌ని గెంటేసి ఆ చోట్లో తాను చేరుతుంది. రాగి లీటరుకు 6 మైక్రోగ్రాములు దాటితే చాలు, జాగ్రత్త పడాలి. మొదట లెడ్ లేనిపోనిది ఎక్కువ చూపిస్తుంది, ఆ తర్వాత మొదలవుతుంది అసలు తలనొప్పి. 10 పీపీఎం (లీటరుకు 10 మిల్లీగ్రాముల) లెడ్ స్టాండర్డ్‌లో, అంటే లెడ్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణంలో, ముంచితే నిమిషం, రెండు నిమిషాల్లో నిలబడాల్సిన మిల్లీవోల్టులు పాకుతూనే ఉంటాయి. 10, 100 పీపీఎం స్టాండర్డ్‌ల మధ్య తేడా 25 మిల్లీవోల్టుల కంటే కిందికి పడిపోయిందంటే అప్పటిదాకా తీసిన రీడింగులు పక్కన పెట్టాల్సిందే.

అనుమానం ఉన్న శాంపిల్‌ని కొద్దిగా టెస్ట్‌ట్యూబులో పోసి అమ్మోనియా ఎక్కువగా కలపండి. ఇనుము తుప్పురంగు మడ్డిగా అడుగుకి దిగుతుంది. పైన తేటలో నీలం కనిపిస్తే రాగి గట్టిగానే ఉన్నట్టు. నీలం రాలేదని నిశ్చింతగా ఉండటానికి మాత్రం లేదు, కంటికి కనిపించనంత రాగి కూడా ఈ బిళ్లకి చాలు.

చెడితే 3 మైక్రాన్ అల్యూమినా పాలిషింగ్ స్ట్రిప్‌ని తడిపి, బిళ్లని దానిమీద తేలిగ్గా అర నిమిషం తిప్పి, కడిగి, లెడ్ స్టాండర్డ్‌లో పది నిమిషాలు నానబెట్టాలి. క్యాలిబ్రేషన్ (స్టాండర్డ్‌లతో సరిచూసుకోవడం) మళ్లీ మొదటినుంచీ. పాలిష్ చేసిన ప్రతిసారీ బిళ్ల అరుగుతుంది, అదొక నష్టం.

వెంటనే రీడింగ్ ఇస్తుందని మొదట్లో తెగ మెచ్చుకున్నాం. ఆ మాట ఇప్పటికీ నిజమే, కాకపోతే ఇది చూసేది నీళ్లలో విడిగా ఉన్న లెడ్ అయాన్‌ని మాత్రమే. బ్యాటరీ నీళ్లలో సల్ఫేట్ దండిగా ఉంటుంది, దాంతో కలిసి అడుగున చేరిన లెడ్ సల్ఫేట్ దీని లెక్కలోకి రాదు. మొత్తం లెడ్ కావాలంటే డైజెషన్ చేసి (యాసిడ్‌తో కాచి కరిగించి), లోహాలని కాంతితో కొలిచే అటామిక్ అబ్జార్ప్షన్ యంత్రానికి పంపాల్సిందే. ఎలక్ట్రోడ్ ముంచేముందు శాంపిల్ పీహెచ్‌ని పలుచని కాస్టిక్ సోడాతో చుక్కచుక్కగా 5 దగ్గరకి తేవాలి. 7 దాటితే లెడ్ హైడ్రాక్సైడ్‌గా విరిగిపోతుంది. అన్నిటిలో అయాన్ల బలం ఒకేలా ఉండటానికి 100 మి.లీ. శాంపిల్‌కి 5 మోలార్ సోడియం పెర్‌క్లోరేట్ 2 మి.లీ. పోస్తాం, స్టాండర్డ్‌లకీ అంతే. మే నెలలో ఇంకో చిక్కు: లెడ్‌లో పదింతల తేడాకి 25 డిగ్రీల దగ్గర 29.6 మిల్లీవోల్టులు రావాలి, 40 దగ్గరైతే 31. ఏసీ గదిలో ఉన్న స్టాండర్డ్‌తో ఎండలోంచి వచ్చిన శాంపిల్‌ని పోల్చకండి.

తాగేనీటికి దీన్ని కొనొద్దు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము, ఇది 0.2 కిందికి సరిగా చూడలేదు. మురుగుకాలువలోకి వదిలే నీటికి పరిమితి 1.0 కాబట్టి, ఏ షాపు నీళ్లు అటామిక్ అబ్జార్ప్షన్‌కి పంపాలో ముందుగా ఏరుకోవడానికి మాకు పనికొస్తోంది. మీకు వచ్చే నీళ్లలో రాగి లేకపోతే మాకంటే మీకే ఎక్కువ నచ్చవచ్చు.