మాస్టారు లెఫ్ట్ అయ్యాక: గ్రూపు పెత్తనం పంచుకున్న అనుభవం

2021 వినాయక చవితి వారంలో ఒక పొద్దున మా మిద్దెతోట వాట్సాప్ గ్రూపులు మూడింట్లోనూ ఒకే లైను పడింది: మాస్టారు లెఫ్ట్. పది నిమిషాల్లో ఏలూరు నుంచి ఒకావిడ, "మాస్టారిని ఎవరేమన్నారు? ఎందుకలిగారు?" అని పెట్టారు. కింద నలుగురు ఏడుపు బొమ్మలు పెట్టారు, ఇంకొకాయన "రమ్మని బతిమాలండి" అన్నారు.

ఈ గ్రూపులు మొదలుపెట్టిన మాస్టారు మే నెలలోనే పోయారు. కరోనా రెండో వేవ్‌లో. ఆ విషయం గ్రూపులో చెప్పాం గానీ, ఆ నెలలో ఎవరి ఇంట్లో ఎవరు పడుకుని ఉన్నారో, ఎవరు ఏ మెసేజ్ చదివారో ఎవరికి తెలుసు? చవితినాటికి మళ్ళీ విత్తనాలు అడగడానికి వచ్చినవాళ్ళకు కనిపించింది ఆ ఒక్క లైను.

జరిగింది చాలా మామూలు విషయం. 120 రోజులు వాడని ఖాతాను వాట్సాప్ తీసేస్తుంది. ఖాతా పోతే గ్రూపుల్లోంచీ పోతుంది. ఆ రోజుల్లో ఎవరు బయటికెళ్ళినా అందరికీ కనిపించేది. అడ్మిన్లకు మాత్రమే తెలిసే పద్ధతి 2022లో వచ్చింది. మాస్టారి ఫోను తెనాలిలో వాళ్ళింటి బీరువాలో, పట్టుచీరల పక్కన, స్విచాఫ్‌లో ఉంది. పిన్ ఎవరికీ తెలీదు. వాళ్ళబ్బాయి తర్వాత నాతో, "అక్కా, ఒక్కసారి అడిగుంటే తీసిచ్చేవాణ్ణి కదా" అన్నాడు. ఇందులో యాప్ తప్పేం లేదు. అడగాల్సినవాళ్ళం అడగలేదు.

ఎలా అడుగుతాం చెప్పండి. మాస్టారు ఉన్నప్పుడు "మీ తర్వాత గ్రూపు ఎవరికి?" అంటే శుభం పలకరా మంకన్నా సామెత గుర్తొస్తుంది. పోయాక అడుగుదామంటే పదో రోజు కూడా కాని ఇంట్లో గ్రూపు అడ్మిన్ సంగతి ఎత్తడానికి నోరు రాదు. ఈ రెండిటి మధ్య నాలుగు నెలలు గడిచిపోయాయి.

అప్పటినుంచీ ఇప్పటిదాకా పెత్తనం పంచుకోవడం, చేతులు మార్చడం అనే ఒక్క కోణంలోంచి మేం వాడిన వాట్సాప్, గూగుల్ గ్రూప్స్, టెలిగ్రామ్ ఎలా ఉన్నాయో రాస్తున్నాను. స్టిక్కర్లు బాగున్నాయా, వీడియో ఎంత పెద్దది పడుతుంది లాంటివి ఇందులో ఉండవు.

ముందు వాట్సాప్. మాస్టారు 2015లో మొదటి గ్రూపు పెట్టినప్పుడు వంద మందికే చోటు. మరుసటి ఏడు 256 అయింది. అదీ నిండాక రెండోది, మూడోది పెట్టాం. (ఇప్పుడు 1024 మంది పడతారు, ఆ బాధ లేదు.) మొదటి గ్రూపుకి ఆయనొక్కరే అడ్మిన్. "ఇంతమంది పెత్తందార్లెందుకమ్మా" అనేవారు. ఆయన పేరు వెళ్ళిపోయిన రోజు మధ్యాహ్నం రాజమండ్రి నుంచి ఒక పెద్దావిడ కంగారుగా ఫోన్ చేశారు. "అమ్మాయ్, నా పేరు పక్కన అడ్మిన్ అని వచ్చింది, నేనేం నొక్కలేదు తల్లీ, ఒట్టు." ఉన్న ఒక్క అడ్మినూ వెళ్ళిపోతే సభ్యుల్లో ఎవరో ఒకరిని వాట్సాప్ తనంతట తనే అడ్మిన్ చేస్తుంది. ఆవిడ అప్పటిదాకా గ్రూపులో పెట్టినవి రెండే మెసేజీలు, రెండూ కాకరకాయ ఫొటోలు. ఎవరైనా పిచ్చి పోస్టు పెడితే పోలీసులు తననే పట్టుకెళ్తారేమోనని ఆవిడ భయం. ఆ భయం ఆవిడొక్కరిదే కాదు. ఇప్పటికీ ఎవరినైనా అడ్మిన్‌గా ఉండమంటే ముందు అడిగేది ఇదే. సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్‌ను బాధ్యుణ్ణి చేయలేమని 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్, 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు చెప్పాయి. ఆ రెండు సంగతులూ ఒక మెసేజ్‌గా రాసి పెట్టుకున్నాను, అడ్మిన్ అవ్వమని అడిగే ముందు పంపుతాను. సగం మంది ఒప్పుకుంటారు.

ఆవిడ మా ఇద్దరికి అడ్మిన్ ఇచ్చి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ కాకరకాయల్లోకి వెళ్ళిపోయారు. ఆ గ్రూపు అలా అదృష్టం కొద్దీ బతికింది.

మూడో గ్రూపుకి అంత అదృష్టం లేదు. అక్కడ అయిదుగురం అడ్మిన్లం. ఒకాయనకి నర్సరీ ఉంది, ఊరూ పేరూ వద్దు. మాస్టారు ఉన్నన్నాళ్ళూ మొక్కల ధరల పట్టిక నెలకొక్కసారి మాత్రమే పెట్టేవాడు, అదీ అడిగి. వాట్సాప్‌లో అడ్మిన్లంతా సమానమే గానీ, గ్రూపు పెట్టినవాళ్ళని మాత్రం ఎవరూ తీయలేరు. మిగతా వాళ్ళల్లో ఎవరు ఎవరినైనా దించేయొచ్చు. మాస్టారు ఉన్నంతకాలం ఇది మాకు గొడుగులా పనిచేసిందని అప్పుడు తెలీలేదు. ఆ పేరు జాబితాలోంచి పోయిన నెలలోపే, దసరా ముందు ఒక రాత్రి, ఆ నర్సరీ ఆయన మమ్మల్ని నలుగురినీ దించేసి, అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగు మార్చేశాడు. పొద్దున లేచేసరికి 250 మంది ఉన్న గ్రూపు ఆయన షాపు బోర్డు అయిపోయింది. జామ అంట్లు, డ్రాగన్ మొక్కలు, కోకోపీట్ బస్తా ధరలు. ఒక్కరికీ నోరు లేదు. ఆ గ్రూపు ఇంకా ఉంది. నేనూ అందులోనే ఉన్నాను, ఎందుకో బయటికి రాబుద్ధి కాలేదు. కోకోపీట్ మాత్రం వేరేచోట కొంటాను.

అందుకని పెట్టినవాళ్ళు ఉన్నంతకాలం వాట్సాప్‌కి నేను మంచి మార్కులే వేస్తాను. పెట్టినవాళ్ళు పోయిన మర్నాటి నుంచి అది ఎవరు ముందు లేస్తే వాళ్ళది. నలుగురు అడ్మిన్లను పెట్టేసి పెత్తనం పంచుకున్నాం అనుకునేవాళ్ళు ఈ సంగతి ఒకసారి ఆలోచించుకోవాలి.

గూగుల్ గ్రూప్స్ మాకు విత్తనాల చిట్టా కోసం. గుత్తిబీర, తమ్మకాయ, రెక్కల చిక్కుడు, నాటు వంగలో నాలుగు రకాలు: ఎవరి దగ్గర ఏముంది, ఎవరికి ఏం కావాలి అని మెయిల్‌లో నడిచేది. డాలస్‌లో, మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్ళకి కూడా ఇదే వీలు. (విత్తనాలు అక్కడికి పంపం, కస్టమ్స్ వాళ్ళు ఊరుకోరు, వాళ్ళు సలహాల కోసం ఉంటారు.) పెత్తనం పంచుకునే విషయంలో నేను వాడినవాటిలో ఇదే అన్నిటికన్నా పద్ధతిగా ఉంది. ఓనర్లు ఎంతమందైనా ఉండొచ్చు. మేనేజర్ అని కింద ఇంకో మెట్టు ఉంది, కొత్తవాళ్ళని చేర్చుకోవడం, చెత్త మెయిళ్ళు ఆపడం వాళ్ళ పని. సభ్యుల జాబితా ఫైలుగా దించుకోవచ్చు. మేం నలుగురం ఓనర్లం, వయసులు 24, 38, 51, 66. కావాలనే అలా ఎంచుకున్నాం.

కానీ దీని దగ్గరికి రావడానికే మాకు చుక్కలు కనిపించాయి. తెలివిగా చేశామనుకుని మొదట్లో ఒక ఉమ్మడి జీమెయిల్ తెరిచి దాన్నే ఓనర్‌గా పెట్టాం. పాస్‌వర్డ్ ఆరుగురికి తెలుసు. ఇంకేం భయం, ఎవరు పోయినా అయిదుగురుంటారు అనుకున్నాం. 2021 అక్టోబరులో నేను కొత్త ఫోన్లో లాగిన్ అవబోతే ధ్రువీకరణ కోడ్ పంపామంది. ఎక్కడికి? చివర రెండు అంకెలు చూడగానే తెలిసిపోయింది, మాస్టారి నంబరు. పాస్‌వర్డ్ ఆరుగురిదీ, తాళంచెవి మాత్రం బీరువాలో ఆ పట్టుచీరల పక్కన.

ఆ ఖాతా ఇంకా తెరిచి ఉన్న చోటు ఒక్కటే దొరికింది. గుడివాడలో ఒక అన్నయ్యగారి పాత ల్యాప్‌టాప్. దాని బ్యాటరీ చచ్చి రెండేళ్ళయింది, ప్లగ్గు తీస్తే ఆరిపోతుంది. బ్రౌజరు మూస్తే మళ్ళీ అడుగుతుందేమోనని భయం. నేను బస్సెక్కి వెళ్ళేదాకా వాళ్ళావిడ ఆ గదిలోకి పిల్లల్ని రానివ్వలేదు, స్విచ్‌బోర్డు మీద "ముట్టుకోవద్దు" అని కాగితం అంటించారు. ఆ ల్యాప్‌టాప్ మీద కూర్చుని మా నలుగురి సొంత మెయిళ్ళనూ ఓనర్లుగా చేర్చాను. అంతా కలిపి పావుగంట పట్టలేదు. ఆ పావుగంట పని మాస్టారు కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నప్పుడు చేసుకోవచ్చు.

ఉమ్మడి ఖాతా అనేది ఉండదు, నా మాట నమ్మండి. దాని వెనకాల ఎప్పుడూ ఒక ఫోను నంబరు ఉంటుంది, ఆ నంబరు ఒక మనిషిది. పైగా మన దేశంలో రద్దయిన నంబరును 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. అప్పుడు మీ కోడ్ ఎవరో ఊరూపేరూ తెలియని కుర్రాడి ఫోన్లో మోగుతుంది.

ఇలాంటిదే మరొకటి. విత్తనాల పట్టిక ఒక గూగుల్ షీట్‌లో ఉండేది, పన్నెండు మందికి ఎడిటింగ్ హక్కు. దాన్ని మొదట తెరిచిన కుర్రాడు తన ఆఫీసు మెయిల్‌తో తెరిచాడు. అతను కంపెనీ మారాడు, పాత కంపెనీ వాళ్ళు ఆ ఖాతా తీసేశారు, షీట్ దాంతోపాటే పోయింది. 340 వరసలు. ఎడిటర్‌కీ ఓనర్‌కీ తేడా ఏమిటో ఆ రోజు పన్నెండు మందికీ ఒకేసారి అర్థమైంది.

గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఒక సెట్టింగుంది, 2013 నుంచీ ఉంది. మనం ఇన్ని నెలలు కనిపించకపోతే ఫలానావాళ్ళకి కబురు పంపు, ఇవి ఇవి ఇవ్వు అని పది మంది దాకా రాసి పెట్టొచ్చు. గడువు మూడు నెలల నుంచి పద్దెనిమిది నెలల దాకా. నేను ఆరు నెలలు పెట్టుకున్నాను. మా ఆయన దాన్ని వీలునామా అని వెక్కిరించాడు, వారం తిరక్కుండా తనూ పెట్టుకున్నాడు. రెండేళ్ళు ముట్టుకోని సొంత ఖాతాలను తీసేస్తామని గూగుల్ 2023లో చెప్పింది కాబట్టి దీని అవసరం ఇంకా పెరిగింది.

ఇక టెలిగ్రామ్. కబుర్లన్నీ అక్కడికి మార్చాం. ఒక్క గ్రూపులో రెండు లక్షల మంది దాకా పడతారు, మాకు వెయ్యి చాలు. ఓనర్ మాత్రం ఒక్కరే. మిగతా అడ్మిన్లకు ఏ హక్కులుండాలో ఒక్కొక్కటిగా ఇవ్వొచ్చు: ఇతనికి మెసేజ్ తీసేసే హక్కు, ఆమెకు కొత్తవాళ్ళని చేర్చే హక్కు, ఇంకో అడ్మిన్‌ను పెట్టే హక్కు ఎవరికీ వద్దు, ఇలా. నర్సరీ దెబ్బ తిన్నవాళ్ళకి ఇది అమృతం. లోటేమిటంటే మళ్ళీ ఒక్క మనిషి దగ్గరికే వచ్చాం, ఈసారి ఆ మనిషి నేను. మేం చేరిన రోజుల్లో చదువుకున్న ప్రకారం ఓనర్ ఖాతా తీసేస్తే గ్రూపు ఉంటుంది, అడ్మిన్లు ఉంటారు, ఓనర్ మాత్రం ఉండరు. తల లేని మొండెం.

అందుకని ఒక ఆనవాయితీ పెట్టుకున్నాం. ఏటా ఉగాదికి ఓనర్‌షిప్ చేతులు మారాలి. పంచాంగ శ్రవణం అవగానే గ్రూపు అప్పగింత. ఇందులో ఉన్న సుఖం ఏమిటంటే ఎవరి చావు గురించీ ఎవరూ మాట్లాడనక్కర్లేదు. తేదీ వచ్చింది, ఇచ్చేశాం.

2022 ఉగాదినాడు మొదటిసారి. వరంగల్ తమ్ముడొకడికి ఇద్దామని, వాడు అటు ఫోన్లో, నేను ఇటు ఉగాది పచ్చడి గిన్నె పక్కన పెట్టుకుని నొక్కాను. కుదరదంది. ఓనర్‌షిప్ ఇచ్చేవాళ్ళు టూ స్టెప్ వెరిఫికేషన్ (కోడ్‌తో పాటు అడిగే సొంత పాస్‌వర్డ్) పెట్టి కనీసం ఏడు రోజులు అయ్యుండాలి. దొంగెవడో ఫోన్ కొట్టేసి వెంటనే గ్రూపు రాసేసుకోకుండా ఈ జాగ్రత్త. మంచిదే, చదువుకోకపోవడం నా పొరపాటు. అప్పుడే పాస్‌వర్డ్ పెట్టాను. ఉగాది పాడ్యమి, నవమికి ఎనిమిది రోజులు. శ్రీరామనవమి నాడు పానకం తాగుతూ ఇచ్చేశాను. "పట్టాభిషేకం" అని ఎవరో పెట్టారు, ఆ పేరే ఉండిపోయింది.

అదే రోజు టెలిగ్రామ్ డెస్క్‌టాప్‌లోంచి మొత్తం కబుర్లు, ఫొటోలతో సహా ఎగుమతి చేసి రెండు పెన్‌డ్రైవులకి ఎక్కిస్తాం, ఒకటి విజయవాడలో, ఒకటి వరంగల్‌లో. ఇది యాహూ గ్రూప్స్ నేర్పిన పాఠం. రచ్చబండ లాంటి పాత తెలుగు గ్రూపుల్లో ఉన్నవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఏళ్ళ తరబడి రాసుకున్నవాటిని తీసేస్తున్నామని 2019 అక్టోబరులో ప్రకటించి, 2020 డిసెంబరు 15న యాహూ మొత్తం దుకాణమే కట్టేసింది. అక్కడ వారసుడు ఉన్నా లాభం లేదు, ఇల్లే లేదు.

డబ్బు సంగతి ఒక్క ముక్క. కవర్లూ స్టాంపుల కోసం పోగుచేసిన 6,140 రూపాయలు మాస్టారి ఖాతాలో ఉండిపోయాయి. వాళ్ళబ్బాయి తనంతట తనే పంపాడు, అడిగే ధైర్యం మాకు లేదు. సొసైటీగా రిజిస్టర్ చేద్దామని ఒకరన్నారు, దానికి కనీసం ఏడుగురు సంతకం పెట్టాలి, ప్రతి ఏడూ లెక్కలు దాఖలు చేయాలి. విత్తనాలకి ఇంత అవసరమా అని ఊరుకున్నాం. ఇప్పుడు ఎవరి పోస్టేజీ వాళ్ళదే, నిల్వ సున్నా.

ఇన్నేళ్ళలో ఒకరు వచ్చిన ఓనర్‌షిప్‌ను నెల తిరక్కుండా వెనక్కిచ్చేశారు, పిల్ల పెళ్ళి పనుల్లో ఉన్నానని. ఒకరు ఏడాదంతా ఒక్క మెసేజ్ కూడా తీయకుండా, ఎవరినీ ఏమీ అనకుండా లాగించారు, మా అందరిలోకీ మంచి ఓనర్ ఆయనే అని నా అభిప్రాయం. వరుసలో తిరిగి తిరిగి మళ్ళీ నా దగ్గరికొచ్చింది. ఈసారి కరీంనగర్ అమ్మాయికి, మా నలుగురిలో చిన్నది, దానికి ఇవ్వాలి. తన తర్వాత ఇవ్వడానికి తనకూ కావాలి కదా, టూ స్టెప్ పెట్టుకోవే అని రెండుసార్లు మెసేజ్ పెట్టాను. చదివినట్టు రెండు టిక్కులూ పడ్డాయి. ఉగాదికి ఇంకా పదకొండు రోజులుంది.