హోయ్ ఆన్‌లో ‘ప్యూర్ సిల్క్’ కొనే ముందు ఒక్క పోగు కాల్చి చూడండి

వియత్నాం వెళ్లే మనవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. మా నల్గొండలోనే తెలిసిన కుటుంబాలు మూడు వచ్చే సెలవులకు టికెట్లు తీసుకున్నాయి. అందరి లిస్టులోనూ హోయ్ ఆన్ ఉంది. అక్కడ పట్టుబట్టలు కొనాలన్న ఆశ కూడా ఉంది. అందుకే రాస్తున్నా. పోయిన ఫిబ్రవరిలో నేనూ మా ఆవిడా అక్కడ పట్టు అని కొన్నవన్నీ పాలిస్టర్ అని ఇంటికొచ్చాక తేలింది. పద్నాలుగు వేల రూపాయలు పోయాయి.

మేం వెళ్లింది ప్యాకేజీ టూర్ కాదు. చెరో వీపు సంచీ వేసుకుని, హాస్టళ్లలో దిగుతూ, హనోయ్ నుంచి రాత్రి రైలెక్కి డా నాంగ్‌లో దిగాం. హోయ్ ఆన్‌కు రైలు లేదు, డా నాంగ్ నుంచి ముప్పై కిలోమీటర్లు రోడ్డు మీదే వెళ్లాలి. మర్నాడు ఏ ప్లానూ పెట్టుకోలేదు. తినడం, తిరగడం, అలసిపోతే కూర్చోవడం, అంతే. పెళ్లయిన ఆరేళ్లలో మాకు అంత తీరిక దొరికిన రోజు అదొక్కటే. దుకాణంలో మోసపోయినా ఆ రోజును మాత్రం నేను తిట్టుకోను.

పొద్దున్నే సైకిళ్ల మీద బయల్దేరి, వీధి చివర బండి దగ్గర బాన్ మీ తిన్నాం. పైన కరకరలాడే రొట్టె. మధ్యలో గుడ్డు, దోసకాయ ముక్కలు, కొత్తిమీర, మిరపకాయ. రెండింటికీ అరవై వేల డాంగ్. లక్షలు, వేలు అంటే భయపడకండి, మేం వెళ్లినప్పుడు రూపాయికి సుమారు మూడు వందల డాంగ్ వచ్చేవి. మూడు ఇరవై వేల నోట్లు అనుకుని ఇచ్చేశాను. ఆ బండి అమ్మ అందులోంచి ఒక నోటు తీసి, సున్నాల మీద వేలు పెట్టి చూపించి, నా చేతిలోనే తిరిగి పెట్టింది. అది ఐదు లక్షల నోటు. ఇరవై వేలదీ, ఐదు లక్షలదీ రెండూ నీలం రంగు ప్లాస్టిక్ నోట్లే. ఆమె ఊరుకుని ఉంటే పదహారు వందల రూపాయలు అక్కడే పోయేవి. ఐదు లక్షల నోట్లు పర్సులో వేరే అరలో పెట్టుకోండి. ఇంకో మాట, అక్కడివాళ్లందరూ మోసగాళ్లని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ అమ్మ మొహం నాకు ఇంకా గుర్తుంది.

పాత ఊరంతా పసుపు రంగు గోడలు, పెంకుటిళ్లు, ప్రతి గుమ్మానికీ లాంతర్లు. 1999లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చిన ఊరు ఇది. మేం తీసుకున్న టికెట్ లక్షా ఇరవై వేల డాంగ్, దానితో ఐదు చోట్లు చూడొచ్చు. జపనీస్ వంతెన దగ్గర మా ఆవిడ ఇరవై వేల నోటు తీసి వెనక్కి తిప్పి వంతెన పక్కన పట్టింది. నోటు మీద ఉన్నది ఆ వంతెనే. అక్కడే చాలాసేపు కూర్చున్నాం. మధ్యాహ్నం కావ్ లావ్ తిన్నాం. లావుపాటి నూడుల్స్, నమిలితే కొంచెం సాగుతాయి. అడుగున రెండు గరిటెల రసం, పైన ఆకుకూరలు, పంది మాంసం ముక్కలు. మా ఆవిడకు మాంసం లేకుండా కావాలంటే ‘చాయ్’ అని అడగమన్నారు. అక్కడ ఆ మాటకు శాకాహారం అని అర్థం. టోఫూ వేసి ఇచ్చారు.

కడుపు నిండి, ఎండ ఎక్కిన ఆ వేళలోనే దుకాణంలో అడుగు పెట్టాం. హాస్టల్ కౌంటర్‌లో అబ్బాయి పొద్దున ఒక కార్డు ఇచ్చి, ఇది చూపిస్తే తగ్గిస్తారని చెప్పాడు. అలాంటి కార్డుల వెనక కమీషన్ ఉంటుందన్న సంగతి నాకు తర్వాత అర్థమైంది. లోపల ఏసీ, చల్లటి మంచినీళ్లు, మెత్తగా మాట్లాడే ఇద్దరమ్మాయిలు. మా ఆవిడ ఆవో జాయ్ కుట్టించుకోవాలనుకుంది, వాళ్ల ఆడవాళ్లు వేసుకునే పొడుగాటి డ్రెస్. మా అమ్మకు, అత్తమ్మకు, ఇద్దరు చెల్లెళ్లకు నాలుగు స్కార్ఫులు కూడా. ఇది అసలు పట్టేనా అని మేం అడిగాం. అడగకుండా కొన్నాం అనుకోకండి. అందులో ఒకమ్మాయి గోడకు వేలాడుతున్న శాంపిల్ ముక్కల్లోంచి ఒక పోగు లాగి లైటర్‌తో వెలిగించింది. కమురు కంపు కొట్టింది, బూడిదైంది. మాకు నమ్మకం కుదిరింది.

అసలు మోసం అక్కడే ఉంది. ఆమె కాల్చింది శాంపిల్ ముక్కలోని పోగు. మాకు కత్తిరించింది లోపలి నుంచి తెచ్చిన తానులోంచి. రెండూ ఒకటే రంగు, ఒకటే మెరుపు.

మొత్తం 46 లక్షల డాంగ్ చెప్పారు. క్యాష్ ఇస్తే 42 లక్షలకు ఇస్తామన్నారు. ఇచ్చేశాం. చేత్తో రాసిన బిల్లు ఒకటి ఇచ్చారు. మర్నాడు సాయంత్రానికి డ్రెస్ తయారు. కుట్టుపని చాలా బాగుంది, దాని గురించి ఫిర్యాదు లేదు. ఆ రాత్రి తూ బోన్ నదిలో పడవెక్కి కాగితపు లాంతర్లు వదిలి, మంచి బేరం చేశామని సంతోషపడ్డాం.

ఇక మా మామయ్య సంగతి. ఆయనది పుట్టపాక వైపు ఊరు, నలభై ఏళ్లుగా మగ్గం మీద ఉన్న మనిషి. అత్తమ్మ స్కార్ఫ్‌ను రెండు వేళ్ల మధ్య ఒక్కసారి నలిపాడు, మాట్లాడలేదు. కాసేపాగి, “అగ్గిపెట్టె తేపో బిడ్డా” అన్నాడు. అంచు నుంచి పడుగు (నిలువు) పోగు ఒకటి, పేక (అడ్డం) పోగు ఒకటి విడివిడిగా లాగాడు. మొదటిది మంట దగ్గరికి రాకముందే ముడుచుకుపోయింది. కాలింది అనడం కంటే కరిగింది అనాలి. చివర ఆవగింజంత నల్లటి ఉండ కట్టింది. దాన్ని నా గోరు మీద పెట్టి నొక్కమన్నాడు. రాయిలా ఉంది. ప్లాస్టిక్ సంచి కాలిన వాసన. రెండోదీ అంతే. తర్వాత తన మగ్గం మీది పట్టుపోగు కాల్చి చూపించాడు. అది నిదానంగా కాలి, మంట తీయగానే ఆరిపోయింది. వేళ్ల మధ్య నలిపితే బుగ్గి.

మిగిలిన మూడు స్కార్ఫులు, ఆవో జాయ్ అంచు కూడా చూశాం. అన్నీ ఒకటే సరుకు. అమ్మ అప్పటికే పక్కింటివాళ్లందరికీ వియత్నాం పట్టు అని చూపించింది. ఆ సంగతి తలుచుకుంటేనే మనసుకు కష్టంగా ఉంది.

దుకాణానికి వాట్సాప్‌లో వీడియోలు పంపాం. మొదట సారీ అన్నారు, చూసి చెబుతామన్నారు. తర్వాత ‘మీరు తీసుకున్నది సిల్క్ ఫినిష్’ అన్నారు. బిల్లులో చూస్తే ‘డ్రెస్ 1, స్కార్ఫ్ 4’ అని మాత్రమే ఉంది, పట్టు అన్న మాటే లేదు. ఇప్పుడు మెసేజ్ చూస్తున్నారు, జవాబు లేదు. కార్డు మీద కట్టి ఉంటే బ్యాంకులో కనీసం ఫిర్యాదైనా పెట్టేవాళ్లం. క్యాష్‌కు ఆ దారి లేదు. అక్కడ మిగిల్చుకున్న నాలుగు లక్షల డాంగ్ మా కొంప ముంచింది.

కాబట్టి కొనేవాళ్లు ఇలా చేయండి. మీకు కత్తిరించే తానులోంచి, మీ కళ్లముందు, మీ చేత్తోనే పోగు లాగండి. నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి. ఒకవైపు పట్టు, ఇంకోవైపు పాలిస్టర్ వేసి నేసే బట్టలుంటాయి, ఒక్క పోగు చూస్తే సరిపోదు. కాగితం కాలిన వాసన వస్తే అది రేయాన్ కావచ్చు. దానికీ బూడిదే వస్తుంది కాబట్టి బూడిద చూసి మోసపోవద్దు, వాసన చూడండి. పట్టయితే వెంట్రుకలు కాలినట్టు కమురు కంపు కొడుతుంది. ఇక్కడి నుంచి అగ్గిపెట్టె, లైటర్ విమానంలో తీసుకెళ్లనివ్వరు, అక్కడ దిగాక కొనుక్కోండి. పోగు లాగనివ్వం అంటే దుకాణంలోంచి బయటికి వచ్చేయండి.

‘100 శాతం సిల్క్’ అని కుట్టిన లేబుల్‌ను నమ్మకండి. మన దగ్గర అసలు పట్టుకు వేసే సిల్క్ మార్క్ ముద్ర ఉంది, సెంట్రల్ సిల్క్ బోర్డు 2004లో తెచ్చింది. అక్కడ దుకాణాల్లో కనిపించే లేబుల్ ఎవరైనా కుట్టించుకునేదే. 2017లో వియత్నాంలోనే బాగా పేరున్న పట్టు సంస్థ ఒకటి చైనా సరుకుకు తన లేబుల్ వేసి అమ్మి పట్టుబడింది. వాళ్ల దేశం జనమే మోసపోయారంటే, ఒక్కరోజు ఉండి వెళ్లే మనం ఎంత?

బిల్లు మీద ఏ బట్టో, ఎంత శాతం పట్టో రాయించుకోండి. రాయడానికి వెనకాడితే అదే మీకు జవాబు. పూర్తి డబ్బు ముందే కట్టకండి, డ్రెస్ చేతికొచ్చాక అంచు పోగు ఒకటి మళ్లీ కాల్చి చూసి మిగతాది ఇవ్వండి.

మా చెల్లెలు, బావ వచ్చే నెల వెళ్తున్నారు. చేత్తో తాకి పోల్చుకోవడానికని మామయ్య మగ్గం మీది పట్టుగుడ్డ జానెడు ముక్క కోసి ఇచ్చాడు. చెల్లెలు దాన్ని పాస్‌పోర్ట్ కవర్‌లోనే పెట్టుకుంది.