వాట్లు పెంచే ముందు డిష్ పెంచండి: ఉద్దానంలో మూడేళ్ల శాటిలైట్ ఇంటర్నెట్ అనుభవం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని మందస మండలంలో, మహేంద్రగిరి వైపు కొండల కింద మా జీడి రైతుల సంఘం కార్యాలయం ఉంది. 2023 జనవరిలో దాని డాబా మీద శాటిలైట్ ఇంటర్నెట్ పెట్టించాం. అప్పటి నుంచి ఆ డిష్ బాగోగులు చూసేది నేనే. మూడు వానాకాలాలు, మూడు వేసవులు చూశాక ఇది రాస్తున్నాను. కొండ అంచు ఊళ్లలో ఇలాంటిదే పెట్టించుకోవాలనుకునేవాళ్లకు పనికొస్తుందని నమ్మకం.

ఎందుకు పెట్టించామో చెబితే ఉద్దానం వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మాకు ఫైబర్ కేబుల్ వచ్చేది స్తంభాల మీదే. స్తంభం పడితే కేబుల్ పోతుంది, కేబుల్ పోతే జీడి పిక్కలు తెచ్చిన రైతు ఖాతాలో డబ్బు పడదు. కొండ మీది సవర గిరిజనుల ఊళ్ల నుంచి బస్తాలు దించుకొచ్చినవాళ్లను రేపు రమ్మని పంపడం నాకు ఎప్పుడూ మనసొప్పలేదు.

మా డిష్ చూసేది జీశాట్-11 వైపు. 5,854 కిలోల ఈ ఉపగ్రహాన్ని ఫ్రెంచ్ గయానాలోని కౌరూ దాకా తీసుకెళ్లి, 2018 ఏప్రిల్‌లో మళ్లీ పరీక్షలు చేయాలని ఇస్రో వెనక్కి తెప్పించింది. ఆ తర్వాత డిసెంబరు 5న ఏరియాన్-5 రాకెట్టు మీద పంపింది. ఆ జాగ్రత్త నాకెంతో నచ్చింది. పాత ఉపగ్రహాలు దేశం మొత్తాన్ని ఒకే వెడల్పాటి కిరణంతో కప్పేవి. దీనిలో వాడకందారుల కోసం 32 సన్నటి కిరణాలు ఉన్నాయి. పక్కపక్క కిరణాలకు వేర్వేరు పౌనఃపున్యాలు ఇచ్చి, దూరంగా ఉన్న కిరణానికి మళ్లీ అదే పౌనఃపున్యం ఇస్తారు. అందుకే మొత్తం సామర్థ్యం సెకనుకు 16 గిగాబిట్ల దాకా వెళ్లింది. అంత సామర్థ్యం అక్కడి యాంటెన్నా కిరణాన్ని సన్నగా చెక్కినందువల్ల వచ్చింది. డాబా మీద నేను నేర్చుకున్న పాఠం కూడా అదే అయింది.

మొదట మాకు ఇచ్చింది 98 సెంటీమీటర్ల డిష్, 2 వాట్ల బక్. బక్ అంటే బ్లాక్ అప్ కన్వర్టర్. లోపలి మోడెమ్ నుంచి కేబుల్ మీద వచ్చే తక్కువ పౌనఃపున్యాన్ని 14 గిగాహెర్ట్జ్ స్థాయికి ఎత్తి, బలం పెంచి, ఫీడ్ హార్న్ (డిష్ ముందు ఉండే బూర లాంటి గొట్టం) గుండా డిష్ మీదకు వదిలే పెట్టె అది. కిందికి వచ్చే సిగ్నల్‌ను పట్టేది ఎల్‌ఎన్‌బీ. మా ఊరి నుంచి ఉపగ్రహం దక్షిణ నైరుతి దిక్కున, నేల నుంచి దాదాపు 65 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఇది మన అదృష్టం. కొబ్బరి మొవ్వుల పైనుంచి చూపు వెళ్లిపోతుంది. వాన పొరలో సిగ్నల్ నడవాల్సిన దూరం కూడా తగ్గుతుంది.

బిగించిన రోజు నాకు బాగా గుర్తుంది. టెక్నీషియన్ ఒక చేత ఫోను పట్టుకుని, ఇంకో చేత్తో ఫీడ్‌ను వెంట్రుకవాసి తిప్పుతూ, హబ్ (సర్వీసు కంపెనీ నేల మీది ప్రధాన కేంద్రం) వాళ్లు చెప్పే అంకె కోసం నలభై నిమిషాలు ఎండలో నిలబడ్డాడు. ధ్రువణం, అంటే తరంగం ఊగే దిశ, సరిగ్గా కుదిరిందని అటునుంచి చెప్పాకే ప్రసారానికి అనుమతి ఇచ్చారు. మన డిష్ కాస్త వంకరగా ఉంటే, అదే పౌనఃపున్యాన్ని వేరే ధ్రువణంలో వాడుకుంటున్నవాళ్ల సంభాషణ చెడుతుంది. ఈ పనిలో ఎవరైనా తొందరపెడితే ఒప్పుకోకండి.

ఎండాకాలం అంతా హాయిగా గడిచింది. జులైలో కష్టాలు మొదలయ్యాయి. చిరుజల్లుకు వేగం తగ్గేది కానీ తెగేది కాదు. సిగ్నల్ నాణ్యతను బట్టి సంకేతాల పద్ధతిని అప్పటికప్పుడు మార్చుకునే ఏర్పాటు ఇందులో ఉంది. కొండల మీద నుంచి నల్లమబ్బు దిగి కుండపోతగా కురిస్తే మాత్రం ఇరవై నిమిషాలు, అరగంట పూర్తిగా ఆగిపోయేది. ఆ సమయంలో మోడెమ్ ముందు కూర్చుని దీపాలు చూసేవాణ్ణి. ప్రతిసారీ ముందు ఆరేది ప్రసారం దీపం. స్వీకరణ దీపం కాసేపు రెపరెపలాడి ఆ తర్వాత ఆరేది. మన దగ్గరున్నది రెండు వాట్లు, పైకి వెళ్లే పౌనఃపున్యం ఎక్కువ, దాన్ని వాన ఎక్కువగా మింగుతుంది. ఒక సవర ముసలమ్మ ఈ సంగతి నాకంటే ముందు పసిగట్టింది. బస్తా దించుతూనే, "బాబూ, మబ్బు పట్టింది. వాన రాకముందే నా లెక్క చూసెయ్యి" అనేది.

సర్వీసు వాళ్లు 3 వాట్ల బక్‌కు మారమన్నారు. కాగితం మీద లెక్క వేసి చూశాను. 2 నుంచి 3 వాట్లు అంటే ఒకటిన్నర రెట్లు, సిగ్నల్ బలాన్ని పోల్చే కొలతలో చెబితే దాదాపు 1.8 డెసిబెళ్లు. 98 సెంటీమీటర్ల డిష్‌ను 1.2 మీటర్లకు మార్చినా వైశాల్యం సరిగ్గా ఒకటిన్నర రెట్లే అవుతుంది. అంటే పంపేటప్పుడు లాభం సమానం. అయితే బక్‌లో బలం పెంచే యాంప్లిఫయర్ ఇచ్చే లాభం పంపేటప్పుడే. డిష్ ఇచ్చే లాభం పంపేటప్పుడూ, అందుకునేటప్పుడూ. పైగా డిష్‌కు కరెంటు అక్కర్లేదు, వేడెక్కదు, కాలిపోదు. 1.2 మీటర్ల డిష్ 14 గిగాహెర్ట్జ్ దగ్గర బలాన్ని ఒక దిక్కుకు సుమారు ఇరవై వేల రెట్లు కూడగడుతుంది. రెండు వాట్లు, ఉపగ్రహం కంటికి నలభై వేల వాట్లలా కనిపిస్తాయి. ఈ లెక్క తేలిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అంత సంతోషం వేసింది.

2024 ఫిబ్రవరిలో డిష్ మార్పించాం, బక్ అదే ఉంచాం. వాన లేని రోజున మోడెమ్ తెర మీద సిగ్నల్ అంకె దాదాపు ఒకటిన్నర డెసిబెల్ పెరిగింది. ఆ వానాకాలంలో ఇరవై నిమిషాల కోతలు ఐదారు నిమిషాలకు దిగాయి. అసలు తెగని వానలు కూడా చాలానే ఉన్నాయి.

దీనికి చెల్లించే మూల్యం ఉంది. డిష్ పెద్దదయ్యేకొద్దీ కిరణం సన్నబడుతుంది. మాది ఇప్పుడు సుమారు డిగ్రీంబావు వెడల్పు. అర డిగ్రీ కదిలితే బలంలో మూడో వంతు దాకా పోతుంది. గాలి తోపు కూడా ఒకటిన్నర రెట్లు పెరిగింది. గంటకు వంద కిలోమీటర్ల గాలి ఈ డిష్‌ను 60–70 కిలోల బరువుతో నెట్టినంత పని చేస్తుంది. తిత్లీ నాటి 150 కిలోమీటర్ల గాలికి అది రెండు రెట్లు దాటుతుంది. కాబట్టి సిమెంటు దిమ్మలు పేర్చి నిలబెట్టే స్టాండు మన తీరానికి చాలదు. మేము శ్లాబులోకి బోల్టులు దించి బిగించాం. గొట్టం మీద, బిగింపు మీద పెయింటుతో ఒక గీత గీశాను. పెద్ద గాలి వెలిశాక ఆ గీతలు కలిశాయో లేదో చూస్తే చాలు.

ఇక ఫిర్యాదు. 2025 మేలో రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు అప్‌లోడ్ కుంటుపడేది, సాయంత్రానికి సర్దుకునేది. సర్వీసు కేంద్రానికి ఎన్నిసార్లు ఫోను చేసినా "మబ్బు ఉంటుంది సార్" అన్న సమాధానమే. ఆకాశంలో పిట్ట మబ్బు కూడా లేదు. పదిహేను రోజులు నేను రాసిపెట్టిన వేళలు, అంకెలు పంపాకే ఒక ఇంజనీరు వచ్చాడు. వేడి బయటికి పోవడానికి బక్‌కు ఉండే రెక్కల మీద చెయ్యి పెట్టి, చురుక్కుమనగానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇలాంటి చిన్న బక్ పైకి పంపేదానికి దాదాపు పది రెట్ల కరెంటు తాగుతుంది. మిగిలినదంతా వేడే. మా బక్ రెక్కల మధ్య ఉప్పుగాలికి తెల్లటి పొర పేరుకుని, దాని మీద దుమ్ము గట్టిపడి, వేడి బయటికి పోయే దారి మూసుకుపోయింది. వేడెక్కిన యాంప్లిఫయర్ బలం తగ్గుతుంది. బలవంతాన పెంచితే సంకేతం పక్క ఛానెళ్లలోకి చిమ్ముతుంది కాబట్టి హబ్ ఊరుకోదు. కొత్త బక్ వేశారు, మళ్లీ 2 వాట్లదే. ఇప్పుడు నెలకోసారి మెత్తటి కుంచెతో రెక్కలు శుభ్రం చేస్తున్నాను.

అదే రోజు ఇంకొకటి బయటపడింది. ఫీడ్ హార్న్ మూతికి ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర ఎండకు చిట్లింది. ఆ సందులోంచి కందిరీగ దూరి లోపల మట్టిగూడు కట్టుకుంది, బొటనవేలి గోరంత. తడి మట్టి ఆ పౌనఃపున్యాలకు గోడ లాంటిది. దాని పక్కనే కేబుల్ కనెక్టరు విప్పితే, మెరుస్తూ ఉండాల్సిన నడిమి రాగి తీగ పచ్చగా చిలుము పట్టి ఉంది. టేపు చుట్టినవాళ్లు పైనుంచి కిందికి చుట్టారు. మడతల్లో నీరు నిలిచింది. కింది నుంచి పైకి చుడితే, ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి వాలి నీరు జారిపోతుంది. కనెక్టరుకు ముందు కేబుల్‌ను కిందికి వేలాడేలా ఒక మెలిక వదలాలి. మూడేళ్లలో మాకు వచ్చిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ ఇరవై మీటర్ల కేబుల్‌లోనూ, దాని రెండు కొసల్లోనూ పుట్టినవే.

ఏటా మార్చి రెండో వారంలో, మళ్లీ అక్టోబరు మొదటి రోజుల్లో, మధ్యాహ్నం పన్నెండున్నరకూ ఒంటిగంటకూ మధ్య కొన్ని నిమిషాలు సిగ్నల్ పోతుంది. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి, ఆ రొదలో మన సిగ్నల్ మునిగిపోతుంది. మొదటి ఏడాది ఇది తెలియక స్పానర్‌తో డాబా ఎక్కాను. గట్టిగా ఉన్న నట్టు వదులు చేయకముందే దానంతటదే తిరిగొచ్చింది. ఆ వేళల్లో డిష్ జోలికి వెళ్లకండి.

వాడకం సంగతి. చెల్లింపులు, రసీదులు, ధరల పట్టీలు అన్నీ సాఫీగా సాగుతాయి. సంకేతం 36 వేల కిలోమీటర్ల దగ్గర పైకి వెళ్లి రావాలి కాబట్టి జవాబుకు అర సెకను దాటుతుంది. వీడియో కాల్‌లో ఒకరు పూర్తి చేశాక ఒకరు మాట్లాడే అలవాటు చేసుకున్నాం. వీపీఎన్ (సమాచారాన్ని గుప్తీకరించి పంపే దారి) మీద నడిచే లెక్కల సాఫ్ట్‌వేర్ మాత్రం నత్తనడకే. ఈ ఆలస్యాన్ని కప్పిపుచ్చే ఉపాయాలు మోడెమ్‌లో ఉన్నా, గుప్తీకరించిన సమాచారం లోపలికి అవి చూడలేవు. మోడెమ్, బక్ రెండూ కలిపి ఒక సీలింగు ఫ్యాను కన్నా తక్కువే తింటాయి. కరెంటు లేని రోజుల్లో ఇన్వర్టరు తేలిగ్గా లాగుతుంది. నెల బిల్లు ఫైబర్‌కు కొన్ని రెట్లు. అందుకే మాకు ఫైబర్ కూడా ఉంది, అది తెగిన రోజున ఇది నిలబెడుతుంది.

2024 నవంబరులో జీశాట్-ఎన్2 అనే కొత్త ఉపగ్రహం వెళ్లింది. అది పూర్తిగా కా బ్యాండు (మేము వాడేదానికన్నా ఎక్కువ పౌనఃపున్యాలు), సెకనుకు 48 గిగాబిట్ల సామర్థ్యం. డిష్ చిన్నది, వేగం ఎక్కువ అంటూ దానికి మారమని సర్వీసు వాళ్లు మమ్మల్ని అడుగుతున్నారు. వాన దెబ్బ కా బ్యాండుకు ఇంకా గట్టిగా తగులుతుంది. మా డాబా మీద ఒక జులై, ఒక అక్టోబరు ఉచితంగా నడిపి చూపిస్తే ఆలోచిస్తామని చెప్పాను.