1967 జీటీఓ, 2021 ఎఫ్-150: రెండూ ఏళ్ళ తరబడి నడిపాక

డాలస్ ఉత్తర శివార్లలోని మా ఇంట్లో 1967 నాటి పాంటియాక్ జీటీఓ, అయిదు లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజనున్న 2021 ఫోర్డ్ ఎఫ్-150 ఏళ్ళుగా పక్కపక్కనే ఉంటున్నాయి. జీటీఓ వంటి మజిల్ కారు (పెద్ద ఇంజనున్న పాత అమెరికా కారు) అనగానే వేగమనీ, పికప్ ట్రక్కు అనగానే బరువులు మోయడమనీ అనుకునేవారికి ముందుగా చెప్పవలసిన సంగతి ఒకటుంది: సిగ్నల్ దగ్గర రెండూ ఒకేసారి కదిలితే ట్రక్కే ముందుంటుంది.

జీటీఓలోని 400 క్యూబిక్ అంగుళాల ఇంజనుకు కంపెనీ ప్రకటించిన శక్తి 335 హార్స్‌పవర్. ఆ రోజుల్లో అమెరికా కంపెనీలు ఎయిర్ ఫిల్టరు, బండి సైలెన్సరు వంటివి లేకుండా వట్టి ఇంజనును పరీక్షించి ఆ అంకె చెప్పేవి. బండిలో బిగించిన స్థితికి దగ్గరగా కొలిచిన అంకెలు 1972 మోడళ్ళ నుంచే స్థిరపడ్డాయి. కనుక ట్రక్కు 400 హార్స్‌పవర్‌కూ దీనికీ నిజమైన తేడా కాగితం మీద కనిపించే 65 కన్నా చాలా ఎక్కువ. పైగా ట్రక్కుకు పది గేర్లు, నా జీటీఓ ఆటోమేటిక్‌కు మూడే.

బ్రేకుల విషయంలో పోలికే లేదు. నా కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. ఒకసారి గట్టిగా తొక్కితే బాగానే ఆగుతుంది కానీ, వెంటవెంటనే తొక్కవలసివస్తే డ్రమ్ములు వేడెక్కి పట్టు సడలుతుంది. ఎయిర్‌బ్యాగులు లేని ఆ బండిలో పిల్లలను హైవే ఎక్కించను.

అయినా దాన్ని అమ్మను. ఉదయం యాక్సిలరేటరును ఒకసారి పూర్తిగా తొక్కి వదిలితే చోక్ (చల్లని ఇంజనుకు గాలి తగ్గించే మూత) మూసుకుని, తాళం తిప్పగానే ఇంజను అందుకుంటుంది. ఆగస్టు మధ్యాహ్నం కొట్టు ముందు కాసేపు ఆపి తిరిగివస్తే మాత్రం, ఇంజను వేడికి కార్బురేటరులోని పెట్రోలు మరిగి మానిఫోల్డులోకి (సిలిండర్లకు దారితీసే గొట్టాల్లోకి) కారిపోయి ఉంటుంది. ఇథనాల్ కలిపిన నేటి పెట్రోలుతో ఈ బాధ మరింత ఎక్కువ. అప్పుడు పెడల్‌ను పదేపదే కొట్టకుండా నేల దాకా తొక్కిపట్టి స్టార్టరు తిప్పాలి. ముందు పచ్చి పెట్రోలు వాసన, తరువాత రెండు మూడు తడబాట్లు, ఆ వెంటనే ఇంజను కుదుటపడుతుంది. ఈ మెళకువ పట్టుబడ్డాక బండికి ఏమి కావాలో చెవికే తెలిసిపోతుంది. ట్రక్కు తేలికగా సాగేటప్పుడు నాలుగు సిలిండర్లను తనే ఆపేసుకుంటుంది, ఆ మార్పు లోపల కూర్చున్నవారికి తెలియను కూడా తెలియదు. అది గొప్ప ఇంజనీరింగే, కానీ నా చేతికి మిగిలే పని ఏమీ ఉండదు.

ఖర్చు సంగతికి వస్తే, జీటీఓ ప్రీమియం పెట్రోలు తాగి గ్యాలనుకు పన్నెండు మైళ్ళు ఇవ్వడమే ఎక్కువ. ట్రక్కు మామూలు పెట్రోలుతో ఇరవైకి దగ్గరగా ఇస్తుంది. మరమ్మతుల్లో లెక్క తిరగబడుతుంది. పాంటియాక్ 2010లో మూతపడినా విడిభాగాలు కొత్తగా తయారవుతూనే ఉన్నాయి, చాలావరకు ఇంట్లోనే బిగించుకోవచ్చు. అద్దాల్లో కనిపించని బండ్ల గురించి చెప్పే బ్లైండ్ స్పాట్ హెచ్చరిక ఉన్న ట్రక్కుల్లో ఆ రాడార్ వెనుక లైటులోనే ఉంటుంది కనుక, ఒక్క లైటు పగిలినా ఖర్చు భారీగానే ఉంటుంది.

ఇంటికి ఒకే బండి కావాలంటే ట్రక్కే కొనాలి, అందులో సందేహం లేదు. రెండో బండిగా జీటీఓ చూసేవారు ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులున్న 1967 మోడల్ దొరికితే వదలకండి; బండి గుర్తింపు సంఖ్య 242తో మొదలవుతోందో లేదో కూడా చూసుకోండి, ఎందుకంటే పాంటియాక్‌దే మామూలు మోడలైన లెమాన్స్‌కు జీటీఓ బిళ్ళలు తగిలించి అమ్మేవారు ఉన్నారు.