అడగకముందే రేటు తగ్గించే నాలాంటివాళ్ళకి ఆరు వారాల కోర్సు: ఐదుకి మూడు స్టార్లు

"నావల్ల కాదు, నాకంత రాదు" అని మనకి మనమే గీసుకున్న గీతల్ని దాటడం ఎలాగో ఫ్రీలాన్సర్లకి నేర్పే ఆన్‌లైన్ కోర్సు ఒకటి ఈమధ్యే పూర్తిచేశాను. ఆరు వారాలు. వారానికి రెండు వీడియోలు, ఒక లైవ్ కాల్, నింపాల్సిన వర్క్‌షీట్లు, అందరూ మాట్లాడుకునే గ్రూపు ఒకటి. కోర్సు పేరు చెప్పను. తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి, పైగా ఇలాంటి కోర్సులు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. మీరు ఏది కొనబోతున్నా ఈ రివ్యూ కొంత పనికొస్తుంది. మూడు స్టార్లు ఇస్తున్నాను, అందులో రెండు మూడో వారం వర్క్‌షీట్‌కే.

నేను పుస్తకాలకీ, సంస్థల వార్షిక నివేదికలకీ పేజీ లేఅవుట్ చేస్తాను. తొమ్మిదేళ్ళు ఉద్యోగంలో చేశాను, నాలుగేళ్ళుగా సొంతంగా చేస్తున్నాను. పని దొరకడం ఎప్పుడూ పెద్ద కష్టం కాలేదు. నా కష్టమంతా కొటేషన్ పంపే ఆ పది నిమిషాల్లో ఉంది. అంకె టైప్ చేస్తాను, కాసేపు దాన్నే చూస్తాను, చెరిపేసి తక్కువ వేస్తాను. అదీ చాలక కింద ఒక వాక్యం చేరుస్తాను: "మీ బడ్జెట్‌ని బట్టి ఇంకా తగ్గించగలను." ఒకసారి మా తమ్ముడు పక్కన ఉండగా ఇదే చేస్తున్నాను. "తగ్గించమని వాళ్ళు అడిగారా అక్కా?" అన్నాడు. లేదన్నాను. "మరి?" అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరని ఎవరూ అనకముందే నేను భుజాలు తడుముకుంటున్నానన్నమాట. ఆ "మరి?"కి జవాబు వెతుక్కుంటూ ఈ కోర్సులో చేరాను. ఫీజు, నాకొక చిన్న ప్రాజెక్టు మీద వచ్చేంత.

మొదటి వారం బాగుంది. మనసులో తిరిగే మాటల్ని ఉన్నదున్నట్టు రాయమన్నారు. "నాకు కాన్ఫిడెన్స్ తక్కువ" అని రాస్తే ఒప్పుకోరు. ఏం జరుగుతుందని భయపడుతున్నామో వాక్యంలో కనపడాలి. నావి పద్నాలుగు తేలాయి. "ఈ రేటు చెబితే ఈ క్లయింట్ మళ్ళీ మెయిల్ చెయ్యడు." "నేను డిజైన్ చదువుకోలేదు కాబట్టి ఎప్పుడో ఒకరోజు దొరికిపోతాను." "ఉద్యోగంలో గంటకి ఇంతే పడేది, అంతకంటే ఎక్కువ అడగడం అత్యాశ." ఇలా రాస్తే ఒక లాభముంది. "కాన్ఫిడెన్స్ తక్కువ" అన్నది నిజమో అబద్ధమో తేల్చలేం. "మళ్ళీ మెయిల్ చెయ్యడు" అన్నది తేల్చొచ్చు.

నా మూడో వాక్యం అసలు భయమే కాదని, లెక్క తప్పని తర్వాత తెలిసింది. వారానికి 40 గంటల చొప్పున 52 వారాలకి 2,080 గంటలు. ఉద్యోగంలో వచ్చే ఏడాది జీతాన్ని 2,080తో భాగించి, అదే నా గంట రేటు అనుకున్నాను. కానీ ఆ గంటల్లో సెలవులకీ, మీటింగులకీ, సిస్టమ్ పాడై ఖాళీగా కూర్చున్న రోజుకీ కూడా జీతం వచ్చేది. సొంతంగా చేసేటప్పుడు మెయిళ్ళకీ, ఇన్వాయిస్‌లకీ, రాని పనికోసం రాసిన ప్రపోజళ్ళకీ ఎవరూ డబ్బివ్వరు. ఒక వారం గడియారం పెట్టుకుని రాసుకున్నాను. పనిచేసింది 41 గంటలు, బిల్లు వెయ్యగలిగింది 23. అంటే పాత జీతమంత రావాలన్నా గంట రేటు దాదాపు ఒకటీముప్పావు రెట్లు ఉండాలి. కోర్సులో ఈ లెక్క బోనస్ ఫైళ్ళలో ఎక్కడో మూలన పడి ఉంది. మొదటి వీడియోలోనే చెప్పాల్సింది.

రెండో వారం దండగ. రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి "నేను విలువైనదాన్ని, డబ్బు నా దగ్గరికి సులువుగా వస్తుంది" అని 21 రోజులు చెప్పుకోవాలట. నాలుగు రోజులు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ లోపల ఇంకో గొంతు లేచి "అలాగా? పోయిన నెల ఏం జరిగింది?" అని లెక్కలు తీసేది. నాలోనే ఏదో లోపముందనుకున్నాను. జొయాన్ వుడ్ అనే మానసిక శాస్త్రవేత్త, సహచరులతో కలిసి 2009లో ప్రచురించిన పరిశోధన తర్వాత చదివాను. తమ మీద తమకి గౌరవం తక్కువున్నవాళ్ళు ఇలాంటి పొగడ్త వాక్యాలు వల్లిస్తే మనసు ఇంకా కుంగిందని వాళ్ళు గమనించారు. బాగానే ఉన్నవాళ్ళకేమో కాస్త మేలు జరిగింది. అంటే మందు అవసరమైనవాళ్ళకే పడదు.

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందన్న సంగతీ అంతే. 1960లో ఒక ప్లాస్టిక్ సర్జన్ తన పేషెంట్లు కొత్త ముఖానికి అలవాటుపడటానికి కనీసం 21 రోజులు పడుతోందని రాశాడు. చేతులు మారేకొద్దీ "కనీసం" ఊడిపోయింది, 21 మిగిలింది. ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం 2010లో 96 మందిని గమనించి ప్రచురించిన లెక్కల్లో కొత్త అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, ఇంకొందరికి 254 వరకు లెక్క తేలింది. ఇది లైవ్ కాల్‌లో అడిగితే కోర్సు నడిపే కోచ్ "మీరు మరీ లాజికల్‌గా ఆలోచిస్తున్నారండీ" అన్నారు. నేను చేసేదే మార్జిన్లు మిల్లీమీటర్లలో కొలిచే పని. ఇంకెలా ఆలోచిస్తాను?

మూడో వారం కోసం మాత్రం ఇవన్నీ క్షమించేశాను. వర్క్‌షీట్ పేరు "సాక్ష్యాల పట్టిక". గుర్తున్నది రాయకూడదు, మెయిల్‌బాక్స్ తెరిచి చూసి రాయాలి. అదొక్కటే నిబంధన. గడిచిన రెండేళ్ళలో పంపిన ప్రతి కొటేషన్‌కీ ఒక వరస: లెక్కప్రకారం ఎంత రావాలి, ఎంత పంపాను, క్లయింట్ తగ్గించమన్నాడా, పని వచ్చిందా, రాకపోతే ఏ కారణం చెప్పారు. ప్రతి ప్రాజెక్టుకీ గంటల లెక్క ముందే ఒక షీట్‌లో వేసుకునే అలవాటుంది కాబట్టి మొదటి గడి నింపడం తేలికైంది. మిగతావి నింపడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

మొత్తం 38 కొటేషన్లు. అందులో 26 నేను వేసిన లెక్క కంటే తక్కువకే పంపాను, సగటున ఐదో వంతు కోసుకుని. ఇంతకీ తగ్గించమని నోరు తెరిచి అడిగిన క్లయింట్లు ఐదుగురు. ఆ ఐదుగురిలో ముగ్గురికి "ఇంకా తగ్గించగలను" అని నేనే రాసి ఉన్నాను. అడగడం వాళ్ళకి నేర్పింది నేనే. పన్నెండు పనులు రాలేదు. వాటిలో రేటు ఎక్కువైందని చెప్పినవాళ్ళు ఇద్దరు. మిగతావాటిలో కొన్ని ప్రాజెక్టులు వాయిదాపడ్డాయి, కొన్ని వేరేవాళ్ళకి వెళ్ళాయి, కొందరు జవాబే ఇవ్వలేదు. ఇంకో లెక్క కూడా తీశాను. పూర్తి రేటుకి పంపిన 12లో 8 వచ్చాయి. తగ్గించి పంపిన 26లో 18 వచ్చాయి. మూడింట రెండు వంతులు, అటూ ఇటూగా రెండూ ఒకటే.

దీన్ని పట్టుకుని ఎగిరి గంతెయ్యకూడదని నాకూ తెలుసు. పూర్తి రేటుకి పంపినవాటిలో సగం పాత క్లయింట్లవే, వాళ్ళకి నా పని తెలుసు. పన్నెండు అనేది పెద్ద సంఖ్యేమీ కాదు. జవాబివ్వనివాళ్ళు రేటు చూసి వెళ్ళిపోయారేమో ఎవరికి తెలుసు? అయినా రెండేళ్ళుగా నా తలలో తిరుగుతున్న "ఈ రేటు చెబితే వెళ్ళిపోతారు" అనే వాక్యానికి నా సొంత మెయిల్‌బాక్స్‌లో ఆ ఇద్దరు తప్ప సాక్షి ఒక్కడు దొరకలేదు. ఆ రాత్రి నేను కోసుకున్న ఐదో వంతులన్నీ కలిపి లెక్కేశాను. ఎంతయిందో ఇక్కడ రాయను, మా తమ్ముడు చదువుతాడు.

కోర్సువాళ్ళు దీన్ని తమ సొంత పద్ధతి అంటారు. కాదు. మనసులో వచ్చిన ఆలోచనని కాగితం మీద పెట్టి, దానికి అనుకూలంగా, వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యాలు రాయడం 1960ల్లో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు రూపొందించిన కాగ్నిటివ్ థెరపీ (ఆలోచనల్ని పరీక్షించి సరిదిద్దే చికిత్స) దారి. ఆ మాట ఒక్క ముక్క చెప్పి ఉంటే వాళ్ళ పరువేం పోయేది కాదు.

నాలుగో వారం ప్రయోగాలు. మూడు కొటేషన్లు లెక్క ప్రకారమే పంపాలి, తగ్గిస్తానన్న వాక్యం ఉండకూడదు. పంపేముందు ఏం జరుగుతుందనుకుంటున్నామో, ఎంత శాతం నమ్మకంగా అనుకుంటున్నామో రాసిపెట్టుకోవాలి. మొదటిదానికి "కుదరదంటారు, 80 శాతం" అని రాశాను. మర్నాడు పొద్దున్నే "అడ్వాన్స్ ఇన్వాయిస్ పంపండి" అని మెయిల్. ఒక్క ప్రశ్న లేదు. సంతోషం కంటే కోపం ఎక్కువొచ్చింది, ఇన్నాళ్ళూ ఏం చేశానురా దేవుడా అని. రెండోది పాత క్లయింట్. కాస్త తగ్గించమన్నారు. ఇక్కడ కోర్సులో చెప్పిన ఒక చిట్కా నిజంగా ఆదుకుంది: రేటు తగ్గించకండి, పని తగ్గించండి. నాలుగు విడతల కరెక్షన్లని రెండు చేసి, చివర్లో ఇచ్చే పదసూచిక తీసేసి, ఆ మేరకు మొత్తం తగ్గించి పంపాను. సరేనన్నారు. మూడోదానికి జవాబు రాలేదు, ఇప్పటికీ రాలేదు. పట్టికలో "జరిగాక నాకేమైంది" అనే గడి ఉంటుంది. అందులో ఇలా రాసుకున్నాను: "రెండు రోజులు చిరాకు. మూడో రోజు వేరే పని మొదలుపెట్టాను."

మన మీద మనకి నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందని ఆల్బర్ట్ బండూరా అనే మానసిక శాస్త్రవేత్త 1977లో రాశాడు. స్వయంగా చేసి నెగ్గడం, మనలాంటివాళ్ళు చేయడం చూడటం, ఎవరైనా "చెయ్యగలవు" అని చెప్పడం, ఒంట్లో టెన్షన్ ఎంత ఉందన్నది. వీటిలో అన్నిటికంటే బలమైనది మొదటిదే అన్నాడు. ఈ కోర్సు తన సమయమంతా మూడోదాని మీద పెట్టింది. వీడియోల్లో సగం "మీరు చెయ్యగలరు" అనే మాటే. రెండోది గ్రూపులో దొరకాలి. కానీ అక్కడ ఎవరో ఒక్క నెలలో ఆదాయం మూడింతలైందని స్క్రీన్‌షాట్ పెడతారు. ఎలా అయిందో చెప్పరు. అది చూసి నాకు ధైర్యం రాలేదు, ఉన్నది కాస్తా కారిపోయింది. గ్రూపుని రెండో వారమే మ్యూట్ చేశాను.

"ఇంపోస్టర్ సిండ్రోమ్" (నాకంత అర్హత లేదు, ఎప్పుడో దొరికిపోతానన్న భావన) అన్న మాట వీడియోల్లో ఎన్నిసార్లొచ్చిందో చెప్పలేను, అదేదో రోగమైనట్టు. పాలిన్ క్లాన్స్, సుజాన్ ఇమ్స్ అనే మానసిక శాస్త్రవేత్తలు 1978లో ఆ వ్యాసం రాసినప్పుడు వాడింది "ఫినామినన్" అని. బాగా రాణిస్తున్న ఆడవాళ్ళలో తాము చూసిన అనుభవాన్ని వర్ణించారు, జబ్బుగా ముద్ర వెయ్యలేదు. దొరికిపోతానన్న నా వాక్యానికి మాత్రం కోర్సు ఒక మంచి ప్రశ్న వేసింది: "దొరికిపోవడం అంటే సరిగ్గా ఏం జరగాలి?" చాలాసేపు ఆలోచించాను. ఎవరో నా ఫైల్ తెరిచి, నేను స్టైల్స్ (హెడింగులకీ, పేరాలకీ ముందే పెట్టుకునే అక్షరాల అమరిక) సరిగ్గా కట్టలేదని గుర్తుపట్టాలి. అలా ఒకసారి జరిగింది కూడా. ప్రింటింగ్ ప్రెస్‌వాళ్ళు ఫోన్ చేశారు, గంటలో సరిచేసి పంపాను, వాళ్ళు మర్చిపోయారు.

నాకు నిజంగా కోపమొచ్చింది ఐదో వారం లైవ్ కాల్‌లో. సౌండ్ ఎడిటింగ్ చేసే ఒకాయన, క్లయింట్ మూడు నెలలుగా డబ్బివ్వడం లేదని చెప్పాడు. కోచ్ అడిగిన ప్రశ్న ఇది: "మీలో ఉన్న ఏ నమ్మకం ఇలాంటి క్లయింట్‌ని ఆకర్షించిందంటారు?" ఆయన పాపం నిజంగానే ఆలోచించడం మొదలుపెట్టాడు. అడ్వాన్స్ తీసుకున్నారా, గడువు దాటితే ఏమవుతుందో రాతలో ఉందా, బాకీ తీరేదాకా ఫైనల్ ఫైల్ ఆపుకున్నారా అని అడగాల్సిన చోట ఈ ప్రశ్న. నేను చాట్‌లో ఆ మూడూ రాశాను. ఎవరూ చదవలేదు, ఆయన తప్ప. తర్వాత విడిగా మెసేజ్ పెట్టాడు, ఫైనల్ ఫైల్ ఇంకా తన దగ్గరే ఉందని. నయం. డబ్బు ఎగ్గొట్టేవాడు మన మనసులో పుట్టడు, బయట ఉంటాడు.

ఆరో వారం గురించి చెప్పడానికేమీ లేదు, అది మొత్తం తర్వాతి "లెవెల్" కోర్సుకి ప్రకటన. స్క్రీన్ మీద టైమర్ తిరుగుతూ ఉంటుంది. నేను చేరలేదు.

ఎవరికి పనికొస్తుందంటే, పని వస్తూనే ఉన్నా అడగడానికి నోరు రానివాళ్ళకి. అసలు పనే దొరకనివాళ్ళు ఆ డబ్బు పోర్ట్‌ఫోలియో మీద పెట్టుకోవడం మేలు. నిజంగా నిద్రపట్టనంత ఆందోళన ఉన్నవాళ్ళు కోచ్ దగ్గరికి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఈ మాట కోర్సులో ఎక్కడా లేకపోవడం పెద్ద లోపం. ఇప్పటికే కొనేసి ఉంటే మొదటి వారం చేసి, రెండోది వదిలేసి, మెయిల్‌బాక్స్ తెరుచుకుని మూడో వారం దగ్గర కూర్చోండి. కొనకపోయినా ఆ పట్టిక ఒక ఖాళీ షీట్‌లో మీరే గీసుకోవచ్చు, గడులేమిటో పైనే రాశాను.

వీడియోలకి ఏడాది పాటు యాక్సెస్ ఉంది. మళ్ళీ ఒక్కటీ తెరవలేదు. పట్టిక మాత్రం పెరుగుతోంది, ఇప్పటికి 47 వరసలు. నలభై ఏడోది మొన్న పంపింది, లెక్క ప్రకారం పూర్తి రేటు. "కుదరదంటారు, 55 శాతం" అని రాసిపెట్టాను. ఇంకా జవాబు రాలేదు.