ఫ్రిస్కో నుంచి కార్పస్ క్రిస్టీ దాకా: రేపటి ఆటగాళ్ల కోసం ఒక టెక్సస్ చుట్టు

మైనర్ లీగ్ బేస్‌బాల్ చూడ్డానికి వెళ్తే స్కోరు పట్టించుకోకండి. ఎవరు గెలిచారన్నది అక్కడి కోచ్‌లకే పెద్ద లెక్క కాదు. ఆ ఇరవై ఏళ్ల కుర్రాడు పై మెట్టు ఎక్కుతాడా, లేక బస్సుల్లో తిరుగుతూనే మిగిలిపోతాడా అన్నదే అసలు ఆట. ఆ కన్నుతో చూసేవాళ్లకి టెక్సస్‌లో ఏ మైదానం పనికొస్తుంది, ఎక్కడ దిగాలి, శాకాహారులకి ఏం దొరుకుతుంది అన్నది 2025 జులైలో మేం వేసిన చుట్టు తర్వాత చెప్పగలను.

తోడు మా బామ్మర్ది. గుంటూరులో లీగ్ క్రికెట్ ఆడినవాడు, వేసవికి మా ఇంటికొచ్చాడు. దారిలోనే మొదలుపెట్టాడు: "అంటే మన రంజీ లాంటిదా బావా?"

కాదు. రంజీలో ఆంధ్ర జట్టు ఆంధ్రదే. ఇక్కడ 30 మేజర్ లీగ్ జట్లు, ఒక్కోదాని కింద, అడుగు నుంచి పైకి, సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ అని నాలుగేసి జట్లు, మొత్తం 120. డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలోని రఫ్‌రైడర్స్ అంటే టెక్సస్ రేంజర్స్ వాళ్ల డబుల్-ఏ. జీతమిచ్చేదీ, ఎప్పుడు పైకి పంపాలో తేల్చేదీ రేంజర్సే. నిన్న ఫ్రిస్కోలో హోమ్‌రన్ కొట్టినవాణ్ని ఇవాళ వాళ్ల ట్రిపుల్-ఏ జట్టున్న రౌండ్ రాక్‌కి రమ్మంటే, బ్యాగు సర్దుకుని పోవడమే. "మరి ఫ్రిస్కో వాళ్లు ఊరుకుంటారా?" అన్నాడు. ఊరుకోక ఏం చేస్తారు, దానికోసమే ఉంది ఆ జట్టు.

ఫ్రిస్కో గురించి తెలుగువాళ్లకి కొత్తగా చెప్పేదేముంది? కార్యసిద్ధి హనుమాన్ గుడికొచ్చిన జనంలో సగం మంది, కాస్త దూరంలోనే ఇంత మంచి మైదానం ఉందని పట్టించుకోరు. 2003లో కట్టారు. కుడివైపు కంచె వెనక లేజీ రివర్ ఉంది, ట్యూబుల్లో తేలుతూ మ్యాచ్ చూడొచ్చు. పిల్లలకి సరదాయే గానీ నన్నడిగితే ఈ మైదానంలో చూడాల్సింది అది కాదు, బుల్‌పెన్. పిచర్లు, అంటే బంతి విసిరేవాళ్లు, వార్మప్ చేసే ఆ జాగా మామూలుగా కంచె అవతలెక్కడో ఉంటుంది. ఇక్కడ ప్రేక్షకుల సీట్ల మధ్యకే తెచ్చి పెట్టారు. రెయిలింగ్ మీద మోచేతులానించి నిలబడితే పిచర్ మన కళ్లెదుటే.

మేం వెళ్లేసరికి ఒక పొడుగాటి కుర్రాడు మొదలుపెట్టాడు. ముందు మెల్లగా, తర్వాత ఒక్కో బంతికి వేగం పెంచుకుంటూ. మన వికెట్‌కీపర్ లాంటి క్యాచర్ గ్లవ్‌లో బంతి పడ్డ చప్పుడుకి మా బామ్మర్ది ఒకడుగు వెనక్కి వేశాడు. టీవీలో గంటకి 95 మైళ్లంటే ఒక అంకె, అంతే. పక్కన నిలబడితే ఆ వేగం ఒంటికి తెలుస్తుంది. టోపీ అంచు చెమటకి నల్లబడిపోయింది. ఫాస్ట్‌బాల్ వేసినప్పుడల్లా క్యాచర్ వైపు చూస్తున్నాడు, చివర్లో పక్కకి జారే స్లైడర్ వేసినప్పుడు మాత్రం కోచ్ చేతిలోని ట్యాబ్లెట్ వైపు. అంటే ఆ బంతి మీద వాడికింకా నమ్మకం కుదర్లేదు. తర్వాత మ్యాచ్‌లో చూస్తే అదే జరిగింది: ఇరుకున పడ్డప్పుడల్లా ఫాస్ట్‌బాలే. రెండోసారి బ్యాటింగ్‌కొచ్చిన వాళ్లు దానికోసమే కాచుకుని కూర్చున్నారు. స్కోర్‌బోర్డు మీద ఇది కనపడదు.

ఆ సీజన్‌లో ఫ్రిస్కోకి అందరూ వెళ్లింది సెబాస్టియన్ వాల్కాట్ కోసం. బహామాస్ కుర్రాడు, పంతొమ్మిదేళ్లు, ఆరడుగుల నాలుగంగుళాలు, రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చేసే షార్ట్‌స్టాప్. ఆ స్థాయిలో ఎదురుగా బంతి విసిరేది చాలావరకు కాలేజీలో ఆడొచ్చిన ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లవాళ్లు. అంచేత సగటు తక్కువగా ఉందని పెదవి విరిచేవాళ్లని నేను లెక్కచెయ్యను. అలాంటి వయసువాణ్ని చూసేటప్పుడు కొట్టిన బంతుల కన్నా వదిలేసిన బంతులు చూడాలి. బయటికి, కిందకి జారిపోయే స్లైడర్‌ని ఎన్నిసార్లు వదిలేస్తున్నాడు? మూడు స్ట్రైక్‌లకి అవుటై డగౌట్‌కి నడిచేటప్పుడు తల ఎలా ఉంది? ఇక్కడ మా బామ్మర్ది కన్ను నాకన్నా చురుకు. అవతలి జట్టులో రెండో బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసే పొట్టివాణ్ని ఒకణ్ని చూపించి, "వీడు చూడు బావా, బంతి వేసేలోపే మడమ లేపుతున్నాడు" అన్నాడు. నిజమే. ప్రతి బంతికీ పిచర్ చెయ్యి కదలగానే చిన్న గెంతు, మళ్లీ మునివేళ్ల మీద. స్లిప్‌లో నిలబడ్డవాడికి తెలిసిన విద్య అది. ఆ కుర్రాడి పేరు రేపటి ఆటగాళ్ల టాప్ హండ్రెడ్ జాబితా దేంట్లోనూ లేదు, ఆ రాత్రి బ్యాట్‌తో చేసిందీ ఏమీ లేదు. అయినా మేమిద్దరం చివరిదాకా వాణ్నే చూశాం.

ఇదే ఫ్రిస్కోలో 2024 వేసవిలో కుమార్ రాకర్ పిచ్ చేశాడు. అమ్మ లలిత భారత సంతతి, నాన్న ట్రేసీ రాకర్ ఒకప్పటి అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. 2021లో జట్లు వంతులవారీగా కొత్తవాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ పదో పిక్‌గా తీసుకుని, వైద్య పరీక్షల తర్వాత సంతకం చెయ్యకుండా వదిలేసింది. మరుసటేడు రేంజర్స్ మూడో పిక్‌గా తీసుకున్నారు. 2023లో మోచేతి లిగమెంట్‌కి టామీ జాన్ అనే ఆపరేషన్. కోలుకుని ఫ్రిస్కో, రౌండ్ రాక్ మీదుగా 2024 సెప్టెంబర్ 12న సియాటిల్‌లో మేజర్ లీగ్ మెట్టెక్కాడు. మా ఆఫీసులో క్రికెట్ తప్ప ఇంకోటి తెలియనివాళ్లు కూడా ఆ పేరు చూసి ఆ రోజు స్కోరు అడిగారు.

దిగడానికైతే ఎంబసీ సూట్స్ హోటల్ మైదానాన్ని ఆనుకునే ఉంది, కారు తియ్యక్కర్లేదు. మేం ఇంటి నుంచే వెళ్లాం కాబట్టి ఆ ఖర్చు లేదు. తిండి సంగతి ఫ్రిస్కో, రౌండ్ రాక్, కార్పస్ క్రిస్టీ మూడు చోట్లా ఒకటే: నాచోస్, ప్రెట్జెల్, ఫ్రైస్, వేరుశనక్కాయలు. రెండో రోజుకే విసుగొస్తుంది. పార్కింగ్‌లో డిక్కీ తెరిచి పులిహోర, పెరుగన్నం తినేసి లోపలికి వెళ్లాం. బ్యాగుల నిబంధన, బయటి తిండి నిబంధన మైదానానికో రకం, ముందే చూసుకోండి.

రౌండ్ రాక్‌కి ఐ-35 మీద మూడు గంటల పైచిలుకు. వేకో దాటకముందు వెస్ట్ అనే ఊళ్లో చెక్ దేశం నుంచి వచ్చినవాళ్ల కొలాచీలు, అంటే తీపి బన్నులు, దొరుకుతాయి, పండు పెట్టినవి తీసుకోండి. టెంపుల్ అనే ఊళ్లో బకీస్ అనే పెద్ద పెట్రోల్ బంకు ఉంది. అక్కడి బాత్‌రూముల శుభ్రత గురించి విన్నదంతా నిజమే.

రౌండ్ రాక్ ఎక్స్‌ప్రెస్ జట్టు మైదానం డెల్ డైమండ్ 2000లో మొదలైంది. ఎక్స్‌ప్రెస్ అన్న పేరు ఒకప్పటి మేటి పిచర్ నోలన్ రయన్ ముద్దుపేరు నుంచి వచ్చిందే. సౌకర్యంలో మూడింట్లో ఇదే మొదటిది: వెడల్పు నడవలు, ఎక్కడ నిలబడ్డా మైదానం కనపడుతుంది, మూడేళ్ల పిల్లతో వచ్చినవాళ్లు కూడా హాయిగా తిరుగుతున్నారు. కానీ కుర్రాళ్లని చూడ్డానికైతే నాకంతగా నచ్చలేదు. ట్రిపుల్-ఏలో సగం మంది ముప్ఫైకి దగ్గరపడ్డవాళ్లు, పైకీ కిందకీ తిరిగి అలసిన మొహాలు. ఎవరికి గాయమైతే తమకి ఫోనొస్తుందా అని చూస్తున్నట్టుంటుంది.

ఇక్కడ చూడాల్సింది ఛాలెంజ్. వదిలేసిన బంతి కొట్టదగ్గ పరిధిలో ఉంటే స్ట్రైక్, బయటపడితే బాల్; అంపైర్ బాల్ అన్నా స్ట్రైక్ అన్నా నచ్చకపోతే బ్యాటర్, పిచర్, క్యాచర్‌లలో ఎవరైనా తల తట్టి కెమెరా తీర్పు అడగొచ్చు. డగౌట్ నుంచి సైగ చెయ్యకూడదు. తప్పయితే ఆ అవకాశం పోతుంది. మన డీఆర్ఎస్‌లో కెప్టెన్ అందరినీ అడిగి చేతులు లేపుతాడు, ఇక్కడ ఆ తీరికే లేదు, వెంటనే తేల్చుకోవాలి. తొమ్మిదింట్లో ఎనిమిదో ఇన్నింగ్స్‌కి దాచుకోకుండా మొదటి ఇన్నింగ్స్‌లోనే తల తట్టినవాడి స్వభావం తెలిసిపోతుంది. మా బామ్మర్దికి ఈ ట్రిప్పులో అన్నిటికన్నా నచ్చింది ఇదే. నాకు మాత్రం అంపైర్ మీద కోపం తెచ్చుకునే సుఖం పోయిందనిపించింది.

రౌండ్ రాక్‌లో స్నేహితుడింట్లో పడుకున్నాం. హైవే పొడుగునా హోటళ్లు బోలెడు, ఆఫీసు పనులమీద వచ్చేవాళ్లవే ఎక్కువ కాబట్టి శనాదివారాల్లో రేటు తగ్గుతుంది.

శాన్ ఆంటోనియోలో ఆగాం, అక్కడుండేది శాన్ డియాగో పాద్రేస్ వాళ్ల డబుల్-ఏ. వుల్ఫ్ స్టేడియం 1994 నాటిది, వయసు కనపడుతుంది. దారిలో ఉంటే సరే, ప్రత్యేకంగా పోనక్కర్లేదు.

హ్యూస్టన్ ఆస్ట్రోస్ వాళ్ల డబుల్-ఏ ఉండే కార్పస్ క్రిస్టీ వేరు. వాటాబర్గర్ అనే బర్గర్ల చైన్ పుట్టింది ఆ ఊళ్లోనే, 1950లో. మైదానం పేరూ అదే. ఒకప్పటి పత్తి గోదాముల జాగాలో కట్టారు, ఆ కాలపు పత్తి ప్రెస్సులు ఇంకా అక్కడే నిలబెట్టి ఉంచారు. గుంటూరువాడు వాటి దగ్గర ఫొటో దిగకుండా ఉంటాడా! అవుట్‌ఫీల్డ్ వెనక ఓడల కాలువ, హార్బర్ వంతెన. ఆ జూన్‌లోనే కొత్త వంతెన తెరిచారు. సముద్రపు గాలి వల్ల జులైలో కూడా కూర్చోగలిగాం. ఫ్రిస్కోలో అదే వేళకి సీటు కాలిపోతుంది.

2011లో ఇక్కడ ఆడుతుండగానే హోసే అల్టూవేని ట్రిపుల్-ఏ తొక్కకుండా నేరుగా హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కి పిలిచారు. పొట్టివాడని మొదట వెనక్కి పంపేసి, చివరికి 15 వేల డాలర్లకి తీసుకున్న వెనిజువెలా కుర్రాడు, 2017లో అమెరికన్ లీగ్ ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు. మన వాల్కాట్‌కి సంతకానికే 32 లక్షల డాలర్లు ముట్టాయి. ఇద్దరూ ఒకే డబుల్-ఏ మెట్టు ఎక్కినవాళ్లే. మిగతావాళ్ల సంగతి అడిగితే, 2023లో మొదటిసారి యూనియన్ ఒప్పందం కుదిరాక డబుల్-ఏలో కనీస జీతం ఏడాదికి 30,250 డాలర్లయింది. అంతకుముందు 13,800. క్లబ్బులే ఉండడానికి చోటు చూపించడం 2022 నుంచే. మ్యాచ్ అయ్యాక కంచె దగ్గర పిల్లలకి సంతకాలు పెడుతున్న క్యాచర్‌ని చూస్తూ ఆ 13,800 లెక్కే వేసుకున్నాను. డల్లాస్‌లో దానికి అద్దె కూడా రాదు.

ఇక్కడ బీచ్ దగ్గర తీసుకున్న హోటల్ మాత్రం దండగ. ఫొటోల్లో సముద్రం, గదిలో తడి కార్పెట్ వాసన, ఏసీ రాత్రంతా గొణుగుడు. రిసెప్షన్‌లో అడిగితే గది మార్చారు, కొత్త గదిలో ఏసీయే లేదు. ఊళ్లో, మైదానానికి దగ్గరగా తీసుకోండి. బీచ్‌కి పొద్దున్నే కారులో పోయిరావచ్చు, యూఎస్ఎస్ లెక్సింగ్టన్ ఓడ మ్యూజియం కూడా అటే.

సీట్ల విషయానికొస్తే, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనక కాస్త పక్కగా తీసుకోండి. మేజర్ లీగ్‌లో ఆ వరసలకి పెట్టే డబ్బుతో ఇక్కడ ఇంటిల్లిపాదీ చూడొచ్చు. ఆ రోజు ఆడని పిచర్లు బంతి బంతికీ లెక్క రాసుకుంటూ, అప్పుడప్పుడూ ఆటగాళ్లని వెతికే స్కౌట్లు కూడా అక్కడే కూర్చుంటారు. వాళ్లు ఎవరి వంతుకి ఫోను పక్కనపెట్టి తలెత్తుతారో గమనిస్తే చాలు, చూడాల్సినవాడెవడో తెలుస్తుంది. గేట్లు తెరిచిన వెంటనే వెళ్లండి. ఒకే జట్టుతో మంగళవారం నుంచి ఆదివారం దాకా ఆరు మ్యాచ్‌లుంటాయి, సోమవారం సెలవు. మంగళ, బుధవారాల్లో జనం పల్చగా ఉంటారు, ముందు వరసలోకి జరిగి కూర్చున్నా సాధారణంగా ఎవరూ ఏమీ అనరు. శుక్ర, శనివారాల్లో బాణసంచా ఉంటే పార్కింగ్ నుంచి బయటపడేసరికి తాతలు దిగొస్తారు.